మూలపాఠము – కూర్పు పట్టిక



"బిల్డు విఱిగినది, ఈ రాత్రి నాకు నిద్ర లేదు" అని హైదరాబాదునుండియో అమెరికానుండియో మీ పిల్లలు ఫోనులో చెప్పఁగా మీలో పలువురు వినియుందురు. విఱుగుటకు అది కుండయు కాదు, బండియిరుసును కాదు. మఱి విఱిగిన దేమి? ఆ సంగతినే ఈనాఁడు మీకు విన్నవింపఁ బూనితిని.

కంప్యూటరు పనిలో రెండు భాగములు కలవు. ప్రోగ్రామును వ్రాయుట మొదటిది. వ్రాసినదానిని కూర్చి నడచునట్లు చేయుట రెండవది. మొదటిదానిని గూర్చి లోకము చాల వినినది. రెండవదానిని గూర్చి వినినవారు తక్కువ. నేఁడు బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, భూమి దాఖలాలు అన్నియు ప్రోగ్రాముల యధీనమున నున్నవి. అవి ఎట్లు తయారగునో, ఎచ్చట చెడునో కొంతయైనను తెలిసికొనుట మనవంటి పెద్దలకును అవసరమే.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. ప్రోగ్రాము వ్రాయువాఁడు వ్రాయునది మనుష్యులు చదివి తెలిసికొనఁదగిన పాఠము. దానిని సోర్సు కోడందురు. నేను మూలపాఠ మందును. యంత్రమునకు ఆ పాఠము తెలియదు. దానికి తెలిసినది అంకెల భాష. మూలపాఠమును అంకెల భాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరని పేరు. అట్లు మార్చఁగా వచ్చినది యంత్రపాఠము. మీ ఫోనులో నడచునది ఈ యంత్రపాఠమే. అనఁగా, చదువఁబడునది యొకటి, నడచునది మఱియొకటి. ఈ రెంటి నడుమ నున్న దారిలోనే నేఁడు మనము నడువవలసియున్నది.

చిన్న ప్రోగ్రాము ఒక్క ఫైలులో ఇమిడిపోవును. పెద్దవి అట్లు కావు. లినక్సు అను ప్రోగ్రామును 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. ఆండ్రాయిడు ఫోనుల కన్నిటికిని అదియే పునాది. దాని మూలపాఠము నేఁడు మూఁడు కోట్ల పంక్తులకు మించి, వేలకొలఁది ఫైళ్ళలో పరచుకొనియున్నది. ఒక్కొక్క ఫైలును కంపైలరు ఒక్కొక్క ఖండముగా మార్చును. పిదప ఖండముల నన్నిటిని అదికి యంత్రపాఠ మొకటి చేయుదురు. ఒక్క అక్షరమును దిద్దినంతనే వేల ఫైళ్ళను మరల మార్చుచు కూర్చుండిన కాలము చాలదు. దిద్దిన దేదో, దానివలన మాఱవలసిన వేవో తెలిసి వానిని మాత్రమే మార్చవలెను.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. సంతర్పణకు వంటలు జరుగుచున్న వనుకొందము. చింతపండు పుచ్చినదని కడపట తెలిసినది. క్రొత్త చింతపండు తెప్పించిరి. ఇప్పుడు పులిహోరయు పప్పుపులుసును మరల చేయవలెను. పరమాన్నము జోలికి పోనక్కఱలేదు. అన్నియు మరల వండించువాఁడు పదార్థమును పాడుచేయును. పులిహోర మాత్రము మార్చి పులుసును మఱచువాఁడు అతిథికి పుచ్చిన చింతపండు పెట్టును. ఏ వంటకము దేనివలన నయినదో వంటపెద్దకు మనస్సులో నుండును. నలువది వంటకములున్న యింట అది సాగును. నలువదివేలున్నచోట మనుష్యుని జ్ఞాపకము నిలువదు.

ఈ చిక్కునకు పేరొందిన మందు 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. అచ్చట స్టీవ్ జాన్సన్ అను శాస్త్రజ్ఞుఁడు ఒక యుదయమంతయు ఒక దోషమును వెదకుచు గడపెను. మూలపాఠమున ఆ దోషము లేదు. దానిని ముందే సరిదిద్దుట జరిగినది. సరిదిద్దిన ఫైలును మరల కంపైలరుచేత మార్పించుట మాత్రము జరుగలేదు. కాఁబట్టి యంత్రములో పాత ఖండమే నడచుచుండెను. శుద్ధమైన పాఠములో లేని తప్పును వెదకి వేసారి, ఆయన స్టూఅర్ట్ ఫెల్డ్‌మన్ అను సహోద్యోగి గదికి పోయి మొఱపెట్టుకొనెను. ఫెల్డ్‌మన్‌కును ముందటి సాయంకాలము అట్టి యాపదయే కలిగియుండెను. ఆ సంభాషణము ఫలితముగా ఆయన 'మేక్' అను సాధనమును నిర్మించెను. మేక్ అనఁగా చేయుము అని యర్థము. దీనికిఁగాను కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘమైన ఏ.సీ.ఎం. 2003లో ఆయనకు సాఫ్టువేరు పురస్కార మిచ్చినది.

మేక్ చదువు పట్టికకు మేక్‌ఫైలని పేరు. దానిలోని ప్రతి నియమమునకును మూఁడంగములు. తర్కశాస్త్రము చదివినవారికి ఇవి సులభముగా తెలియును. చేయవలసిన వస్తువు కార్యము. దేనినుండి చేయుదుమో అది ఉపాదానకారణము; వస్త్రమునకు నూలువంటిది. చేయు విధము మూఁడవది. పులిహోరకు అట్టి పట్టిక వ్రాసిన నిట్లుండును.

పులిహోర : అన్నము, పులుసు
విధి – అన్నములో పులుసు కలిపి తాలింపు వేయుము.

అన్నము : బియ్యము, నీరు
విధి – వండుము.

పులుసు : చింతపండు, ఉప్పు, పసుపు
విధి – ఉడికింపుము.

ఇందొక చమత్కారము గలదు. చివర చేయవలసిన పులిహోరను నేను మొదట వ్రాసితిని. మొదట ఇది చేయుము, తరువాత అది చేయుమని ఎచ్చటను వ్రాయలేదు. అయినను మేక్ తడఁబడదు. పులిహోర కావలెననఁగా దానికి అన్నము కావలెనని చూచును. అన్నమునకు బియ్యము కావలెనని చూచును. అట్లు మూలముదాఁక పోయి, అచ్చటినుండి చేయుచు వచ్చును. మనము సంబంధమును మాత్రము చెప్పుదుము. క్రమమును అది కనుగొనును. సంబంధము సత్యమైనచో క్రమము తనంతట సరిపడును. సంబంధము తప్పైనచో మేక్ ఆ తప్పునే నిష్ఠతో పాటించును.

పిచ్చి కుదిరినఁ గాని పెండ్లి కాదు, పెండ్లియైనఁ గాని పిచ్చి కుదరదు అని మనవారు చెప్పుకొందురు. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయదోష మందురు. మేక్‌ఫైలులో ఒకటి రెండవదానిపైనను, రెండవది మొదటిదానిపైనను ఆధారపడినట్లు వ్రాసిన, మేక్ ఆ చక్రమును కనిపెట్టి హెచ్చరించును. మన పండితులు వాదములో పట్టు దోషమును ఈ సాధనము పట్టికలో పట్టును.

ఇఁక, ఏది మాఱినదో మేక్‌కు ఎట్లు తెలియును? దానికి అర్థజ్ఞానము లేదు, కాలజ్ఞానమే కలదు. ప్రతి ఫైలునకును అది కడపట మాఱిన తేదీయు వేళయు కంప్యూటరు గుర్తుంచును. కార్యముకంటె కారణము క్రొత్తదైనచో మేక్ ఆ కార్యమును మరల చేయును, కానిచో ముట్టదు. ఉపాయము సులభమైనది, బలమైనది. కాని ఒక యంత్రపు గడియారము వెనుకఁబడియుండిన, నేఁడు దిద్దిన ఫైలు నిన్నటిదిగా కనఁబడును. పని జరుగకయే నిలిచిపోవును. గూగుల్ సంస్థ 2015లో లోకమునకు వెల్లడించిన బేజెల్ మొదలగు సాధనములు వేళను నమ్మక, ఫైలులోని అక్షరములనుండి గణించిన ముద్రను పోల్చి చూచును. అక్షరము మాఱిన ముద్ర మాఱును.

పట్టికలో మిక్కిలి భయంకరమైన దోషము లేనిదానిని వ్రాయుట కాదు, ఉన్నదానిని వదలుట. ఒక ప్రోగ్రాములో ధాన్యపు లెక్క చూచు ఫైలొకటి, ధర కట్టు ఫైలొకటి యనుకొందము. బస్తా అనఁగా ఎన్ని కిలోలో చెప్పు మూఁడవ ఫైలొకటి కలదు. మొదటి రెండును దానిని చూచియే లెక్క కట్టును. బస్తా 75 కిలోలని యున్నదానిని 70 కిలోలని దిద్దిరి. పట్టికలో లెక్క ఫైలుప్రక్కన ఈ మూఁడవ ఫైలు పేరున్నది. ధర ఫైలుప్రక్కన లేదు. మేక్ మొదటిదానిని మరల చేసినది, రెండవదానిని వదలినది. ఇఁక ఆ ప్రోగ్రాము 70 కిలోల బస్తాలు కొలిచి, 75 కిలోల బస్తాలకు ధర కట్టును. ఒక యింటిలో రెండు కాటాలు వెలసినట్లైనది. మూలపాఠమును ఎన్నిమార్లు చదివినను తప్పు కానరాదు. పాఠమున తప్పు లేదు గదా!

ఈ యాపదను నివారించుటకు కంపైలరులే ఇప్పుడు సాయపడుచున్నవి. జీసీసీ అను కంపైలరు ఒక ఫైలును మార్చుచున్నప్పుడు, ఆ పనిలో తాను తెఱచి చదివిన యితర ఫైళ్ళ పేర్లను విడిగా వ్రాసిపెట్టఁగలదు. ఆ జాబితాను మేక్‌కు అందించిన చాలును. మనుష్యుఁడు మఱచినను చదివిన యంత్రము మఱవదు.

మేక్‌ఫైలులో విధిని చెప్పు పంక్తి ట్యాబు అను ఖాళీగుర్తుతో మొదలుకావలెనని నియమము. ట్యాబునకు బదులు ఎనిమిది సామాన్యపు ఖాళీలుంచినను కంటికి భేదము తోఁపదు. మేక్ మాత్రము తప్పని నిలిచిపోవును. ఈ నియమము బాగుగ లేదని ఫెల్డ్‌మన్‌కు త్వరలోనే తెలిసినది. అయితే అప్పటికే సుమారు పండ్రెండుగురు, చాలవఱకు స్నేహితులే, దానిని వాడుచుండిరి. మార్చినచో వారి పట్టికలు చెడును. అందువలన మార్చలేదని ఆయనయే తరువాత చెప్పెను. పండ్రెండుగురి సౌకర్యమునకై విడిచినది లక్షలమందికి కట్టుబాటైనది. క్రొత్తగా ఆచారమును నెలకొల్పువారు ఈ కథను జ్ఞాపకముంచుకొన వలెను.

ఏ ఫైళ్ళను కూర్పులో చేర్చవలెనో చెప్పుటకు రెండు మార్గములు కలవు. ఒక్కొక్కదానిని పేరుపెట్టి చెప్పుట మొదటిది. ఈ గదిలోనున్నవన్నియు అని మొత్తముగా చెప్పుట రెండవది. సీమేక్ అను సాధనము 2000 ప్రాంతమున, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయపు ప్రోత్సాహమున జరిగిన వైద్యచిత్రముల పనికొఱకు కిట్‌వేర్ సంస్థలో తయారైనది. దాని నిర్మాతలు మూలపాఠపు ఫైళ్ళ విషయమున రెండవ మార్గము వలదని తమ గ్రంథములోనే హెచ్చరించిరి. గదిలోనికి క్రొత్త ఫైలొకటి వచ్చినను పట్టికలో అక్షరము మాఱదు. పట్టిక మాఱనిదే మరల చూడవలెనని సాధనమునకు తెలియదు. వేఱొక చిక్కును కలదు. అచ్చట పడియున్న పాత ప్రతియో, పరాయి ఫైలో పిలువకయే పంక్తిలో కూర్చుండును. శుభలేఖలో ఊరివారందఱు అని వ్రాయుట సులభమే. కాని వచ్చినవా రెవరో, రానివా రెవరో తెలియుటకు పేర్ల జాబితా కావలెను.

ఒకే మూలపాఠము పలుచోట్ల పలువిధములుగ కూర్చఁబడుట గూడ ఈ పట్టికల పనియే. లినక్సు ఫోనులోను నడచును, మహాయంత్రములలోను నడచును. 2017 నవంబరు మొదలు, లోకమున అత్యంత వేగము గల అయిదువందల కంప్యూటర్ల జాబితాలోని యంత్రము లన్నియు దానితోడనే నడచుచున్నవి. మూలపాఠ మొక్కటే, ఎన్నిక వేఱు. అందు వేలకొలఁది ఎంపికలు కలవు. పెక్కింటికి మూఁడు జవాబులు: లోపలనే చేర్చుము, అవసరమైనప్పుడు తగిలించుకొనుటకు విడిగా చేయుము, అసలు వలదు. ఫోనునకు అక్కఱలేనివి ఫోనులో చేరవు. ఒక్క జవాబు తప్పినను, మూలపాఠ మంతయు నిర్దోషమైనను, యంత్రము తెఱచుకొనకపోవచ్చును. బిల్డు విఱిగినదని మీ పిల్లలు చెప్పునది తఱచుగా ఇట్టిదే. పాఠములో తప్పుండవచ్చును, లేదా సంబంధమో, పేరో, ఎంపికయో తప్పి, ఖండములు అదుకక నిలిచిపోయినవని యర్థము.

ఇంతదాఁక చెప్పినవి అజాగ్రత్తవలన కలుగు దోషములు. ఇఁక ఉద్దేశపూర్వకముగ కలిగించిన దోషమును చెప్పెదను.

ఎక్స్‌జడ్ అనునది ఫైళ్ళను కుదించు ప్రోగ్రాము. చిన్నదే గాని లినక్సు యంత్రములలో దాదాపు అన్నింటను ఉండును. దానిని ఏండ్ల తరబడి జీతములేక పోషించుచున్న వ్యక్తికి సాయపడెదనని 2021 ప్రాంతమున ఒకఁడు వచ్చెను. అతఁడు వాడిన పేరు మాఱుపేరని నిపుణులు తలంచుచున్నారు. రెండు మూఁడేండ్లు మంచి పనులు చేసి, నమ్మకము సంపాదించి, ప్రతులను విడుదల చేయు నధికారమును పొందెను. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 అను రెండు ప్రతులు వెలువడినవి. వానిలో దొంగతలుపొకటి దాఁగియుండెను. తగిన తాళపుచెవి గలవాఁడు దూరమునుండియే పరుల యంత్రములోనికి ప్రవేశింపఁగల తలుపది.

ఆ తలుపు ఎచ్చట దాఁగినది? చదువరులు తిరుగవేయు మూలపాఠపు పంక్తులలో కాదు. దాని పదార్థమును, పరీక్షలకై ఉంచిన, మనుష్యుల కర్థముగాని ఫైళ్ళలో దాఁచిరి. ఆ పదార్థమును వెలికిఁదీసి యంత్రపాఠములో కలుపుమను విధిని కూర్పు సూత్రములలో ఇమిడ్చిరి. అందును, అందఱు చూచు బహిరంగ భాండారములో ఆ సూత్రము లేదు. విడుదల చేసిన మూటలో మాత్రమే కలదు. చూపిన సామగ్రి పట్టిక యొకటి, వంటవానికిచ్చిన పట్టిక మఱియొకటి! కొన్ని విధముల యంత్రములలో, కొన్ని విధముల కూర్పులలో మాత్రమే అది పనిచేయునట్లును ఏర్పఱచిరి. మిగిలినచోట ఏమియు ఎఱుఁగనట్లు నిద్రించును.

దానిని పట్టినవాఁడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. ఆయన పని వేఱు. పోస్ట్‌గ్రెస్ అను దత్తాంశ భాండారపు ప్రోగ్రామును పరీక్షించుచుండెను. దూరయంత్రములోనికి ప్రవేశించుటకు పట్టు కాలము అర సెకను హెచ్చినట్లు ఆయనకు తోఁచినది. అర సెకనే గదా యని విడువలేదు. కారణమును వెదకుచు కూర్పు సూత్రములదాఁక పోయి, దొంగతలుపును కనుఁగొని, 2024 మార్చి 29న లోకమునకు తెలియఁజేసెను. ఆ ప్రతులు అప్పటికి కొన్ని విడుదలలకే చేరియుండెను. ఇంక కొన్ని నెలలు గడచియుండిన ఎన్ని యంత్రములు వశమైయుండునో ఊహింపుఁడు.

దీనికి ప్రతివిధానము నేఁడు జరుగుచున్నది. డెబియన్ అను లినక్సు సంఘమువారు 2013నుండి ఒక పద్ధతిని సాధించుచున్నారు. ఒకే మూలపాఠమును, ఒకే పట్టికను, ఒకే సాధనములను తీసికొని వేర్వేఱు మనుష్యులు వేర్వేఱు చోట్ల కూర్చినచో, ఫలితములు తుదియంకెవఱకును ఒక్కటిగ నుండవలెను. లేనిచో నడుమ ఏదియో చేరినదని తెలియును. అయితే కూర్పు చేసిన తేదీని, యంత్రపు పేరును ఫలితములో చేర్చు అలవాటే పెద్ద యడ్డంకి. వానిని ఏఱి తీసివేయుచు వచ్చిరి. ఇది మూలమునందు దాఁగిన విషమును చూపదు. మూలమునకును ఫలమునకును నడుమ కలిపిన విషమును చూపును.

వేదమును కాపాడిన మన పూర్వులకు ఈ యాలోచన పరాయిది కాదు. సంహితాపాఠ మొక్కటే చాలదని, పదపాఠము, క్రమపాఠము, జటాపాఠము, ఘనపాఠము ఏర్పఱచిరి. ఒకే మంత్రమును పలు మార్గములఁ బలికి, ఒకదానితో నొకటి పోల్చి, స్ఖలితమును పట్టిరి. పాఠముతోపాటు పట్టికను గూడ పోషించిరి. ఋగ్వేదమునకు కాత్యాయనుని సర్వానుక్రమణి ప్రతి సూక్తమునకు ఆదిపదమును, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును చెప్పును. ఒక్క ఋక్కు చేరినను జాఱినను సంఖ్య తప్పును. అనుక్రమణిని వారు గ్రంథమునకు తోఁకగా చూడలేదు, కావలిగా నిలిపిరి.

నేఁటి పాఠశాలలలో పిల్లలకు ప్రోగ్రాము వ్రాయుట నేర్పుచున్నారు, మంచిదే. కూర్పు పట్టికను మాత్రము ఎచ్చటనుండియో ఎత్తి వ్రాసికొని, నడచిన చాలునని విడుచుట యెక్కువ. ఉద్యోగములలోను ఆ పని చిన్నవారికి, ఖాళీగా నున్నవారికి అప్పగింపఁబడుట కలదు. ఇది సరికాదని నా మనవి. మూలపాఠమును ఇద్దఱు చదివిన, పట్టికను గూడ ఇద్దఱు చదువవలెను. పట్టికలోని ప్రతి పేరునకును ఇది ఎందులకున్నది అని యడిగిన జవాబు చెప్పువాఁ డుండవలెను. ఒంటరిగ, జీతములేక, లోకమంతయు వాడు ప్రోగ్రామును మోయుచున్నవానికి తోడు నిలుచుట గూడ ఈ జాగ్రత్తలోని భాగమే. అలసినవాని యింటి తాళము అడిగినవాని చేతికి సులభముగ పోవును.

మీ పిల్లలు పండుగకు వచ్చినప్పుడు, నీవేమి వ్రాయుచున్నావని యడుగుటతో విడువక, నీవు వ్రాసినది ఏ పట్టిక ప్రకారము కూర్చఁబడుచున్నది, ఆ పట్టికను చూచువా రెవరు అని యడుగుఁడు. మొదట నవ్వుదురు, పిదప చెప్పుదురు. చెప్పుటకు జవాబు లేకపోయినచో, మఱునాఁడు పోయి చూచుకొందురు. ప్రశ్నకు ఫలము అంతియే.